ఖాళీ పిస్టల్, ఖాళీ గోడ: డ్రై ప్రాక్టీస్‌పై ఫోన్-ఇన్

ప్రయోక్త: నమస్కారం. ఇంట్లో పిస్టల్‌లో పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, పెట్టకుండా చేసే డ్రై ప్రాక్టీస్ గురించి ఈరోజు మీ సందేహాలు అడగొచ్చు. జవాబులు చెప్పడానికి పిస్టల్ షూటింగ్ కోచ్ మన స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

కాలర్: నమస్తే మేడమ్. నేను పది మీటర్ల ఎయిర్ పిస్టల్ షూట్ చేస్తాను. షూటింగ్ రేంజ్‌కి ఆదివారం ఒక్కరోజే వెళ్లడం కుదురుతుంది. మిగతా రోజుల్లో ఇంట్లో డ్రై చేస్తున్నాను. రోజూ గంటసేపు చేస్తున్నా స్కోరు కదలట్లేదు.

కోచ్: ఆ గంటా దేన్ని చూస్తున్నారు?

కాలర్: అంటే... గోడకి టార్గెట్ అంటించానండి. దాని నల్ల గుండ్రం కింద సైట్లు, అదే పిస్టల్ మీద గురి చూసుకునే భాగాలు, పెట్టి ట్రిగ్గర్ నొక్కుతాను. చెయ్యి ఊగుతుంటుంది కదా, సరిగ్గా మధ్యకి వచ్చినప్పుడు చటుక్కున లాగేస్తాను.

కోచ్: ఆ చటుక్కే మీ పాయింట్లు తినేస్తోంది. ముందు ఆ టార్గెట్ పీకేయండి. కొన్నాళ్లు ఖాళీ గోడకే చేయండి.

ప్రయోక్త: ఏమీ లేని గోడకా? బోరు కొట్టదా మేడమ్?

కోచ్: కొడుతుంది. అందుకే చాలామంది చెయ్యరు. ఖాళీ గోడే ఎందుకో లెక్క వింటే అర్థమవుతుంది. కంటి వైపు గాడిలా ఉండే వెనక సైట్‌కీ, పిస్టల్ కొన దగ్గరుండే ముందు సైట్‌కీ మధ్య 32 సెంటీమీటర్లు ఉందనుకోండి. వెనక గాడిలో ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే, పది మీటర్ల దూరంలో ఆ తేడా 31 మిల్లీమీటర్లు అవుతుంది. పది పాయింట్ల వలయం వ్యాసమే 11.5 మిల్లీమీటర్లు. పది రావాల్సిన షాట్ ఏడు దగ్గరికి పోతుంది. అదే సైట్లు రెండూ సరిగ్గా కలిసి ఉండి, పిస్టల్ మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకి జరిగిందనుకోండి, టార్గెట్ మీద ఎంత తేడా వస్తుంది?

కాలర్: ఒక్క మిల్లీమీటరేనా?

కోచ్: అంతే. మీరేమో ఆ ఊపు మీద యుద్ధం చేస్తున్నారు. ఊపు అందరికీ ఉంటుంది, పెద్ద పోటీల్లో షూట్ చేసేవాళ్లకీ ఉంటుంది. దాన్ని ఊగనివ్వండి. గోడ మీద గురి పెట్టడానికి ఏమీ లేకపోతే కన్ను ముందు సైట్ మీదే నిలుస్తుంది. మధ్యకి వచ్చిందా లేదా అన్న టెన్షన్ ఉండదు. సైట్ పైఅంచు స్పష్టంగా కనిపిస్తుండగా వేలిని నెమ్మదిగా, ఆపకుండా వెనక్కి తెండి. క్లిక్‌మన్న క్షణంలో ఆ సైట్ ఎటు కదిలిందో చూడండి. మీది కుడిచెయ్యేనా?

కాలర్: అవును మేడమ్.

కోచ్: కుడిచేతి వాళ్లు లాగేస్తే ఎక్కువగా కిందికి, ఎడమకి కదులుతుంది. రేంజ్‌లో ఆ షాట్ పడ్డాక చూసి బాధపడతాం. ఇంట్లో అయితే పడకముందే కనిపిస్తుంది, డ్రైలో లాభం అదే. క్లిక్ అయ్యాక కూడా ఒకట్రెండు సెకన్లు చెయ్యి దించకుండా సైట్‌ని చూస్తూనే ఉండండి. ఎనిమిది సెకన్లలో క్లిక్ రాకపోతే పిస్టల్ దించేసి మళ్లీ మొదలుపెట్టండి. గంట అక్కర్లేదు, ఇరవై నిమిషాలు చాలు. అలసిన వేలు నేర్చుకునేవన్నీ చెడ్డ అలవాట్లే.

కాలర్: మరి టార్గెట్ మళ్లీ ఎప్పుడు పెట్టుకోవచ్చు?

కోచ్: క్లిక్‌కి సైట్ కదలకుండా ఉండటం మామూలైపోయాక. అప్పుడు కూడా అసలు సైజు వద్దు. నల్ల గుండ్రం అసలు వ్యాసం 59.5 మిల్లీమీటర్లు. మీరు ఐదు మీటర్ల దూరంలో నిలబడితే అందులో సగం, అంటే 30 మిల్లీమీటర్ల గుండ్రం పెట్టుకోండి.

ప్రయోక్త: ఇంకో కాల్ ఉంది. చెప్పండమ్మా.

కాలర్: మా అమ్మాయి ఈమధ్యే షూటింగ్‌లో చేరిందండి. ఇంట్లో ప్రాక్టీస్ అంటే నాకు భయంగా ఉంది. చిన్నవాడు కూడా ఉన్నాడు.

కోచ్: భయం ఉండాలమ్మా. అది ఎయిర్ పిస్టలే అయినా సరే. పెల్లెట్లు వేరే గదిలో పెట్టి తాళం వేయండి. పిస్టల్ ఖాళీయో కాదో కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. గురిపెట్టే గోడ గట్టిగా ఉండాలి, దాని వెనక మనుషులు తిరిగే చోటు ఉండకూడదు. ప్రాక్టీస్ చేసేటప్పుడు చిన్నవాణ్ణి ఆ గదిలోకి రానివ్వొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, ముగించేటప్పుడు "అయిపోయింది" అని పైకి అనమనండి. ఆ మాట అన్నాక ట్రిగ్గర్ ముట్టుకోకూడదు. పెల్లెట్లు బయటికి తీశాక "ఇంకొక్కటి" అనిపిస్తుంది చూడండి, ప్రమాదం అక్కడుంటుంది.

ప్రయోక్త: చివరి కాల్. త్వరగా అడగండి సార్.

కాలర్: నాది పాత స్ప్రింగ్ ఎయిర్ పిస్టల్. దానితో డ్రై చేయొచ్చా?

కోచ్: వద్దండి. పెల్లెట్ లేకపోతే ముందు గాలి ఆగదు, పిస్టన్ నేరుగా వెళ్లి గుద్దుకుంటుంది, సీల్ పాడవుతుంది. తూటాలు పేల్చే పాయింట్ టూ టూ పిస్టళ్లకీ ఇబ్బందే. చాలావాటిలో ఫైరింగ్ పిన్ వెళ్లి ఛాంబర్ అంచుకి తగులుతుంది, డమ్మీ రౌండు, అంటే పేలని ఉత్తుత్తి తూటా, పెట్టుకోవాలి. పోటీలకి వాడే ఎయిర్ పిస్టళ్లలో చాలావాటికి పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైర్ ఏర్పాటు ఉంటుంది. మీ దానితో ఎత్తి పట్టుకోవడం మాత్రం చేయండి. స్ప్రింగ్ లాగకుండా, సైట్లు కలిపి, పది సెకన్లు పట్టి దించేయండి. వేలు మాత్రం ట్రిగ్గర్ బయటే ఉండాలి.