ఇంటిపట్టున ఉండే నాన్నను తోటి తల్లులు ఎలా చూస్తున్నారు?

[దృశ్యం: హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంట్ ఆటస్థలం, సాయంత్రం ఐదు గంటలు]

వ్యాఖ్యానం: మూడేళ్ల పాపను ఉయ్యాల ఊపుతున్న తండ్రిని, పక్క బెంచీ మీది తల్లి "ఈరోజు సెలవాండీ?" అని పలకరిస్తారు. ఉద్యోగం భార్య చేస్తున్నారని, పాపను తానే చూసుకుంటున్నానని ఆయన చెబితే, "అంటే వర్క్ ఫ్రమ్ హోమా?" అని మరో ప్రశ్న వస్తుంది. అదీ కాదని తెలిశాక మాటలు ఆగిపోతాయి.

ఇల్లు చూసుకునే స్త్రీకి మన భాషలో "గృహిణి" అనే మర్యాదైన మాట ఉంది. "గృహస్థు" అన్న మాటకు అర్థం వేరు కాబట్టి, అదే పని చేసే పురుషుడికి మిగిలింది "ఖాళీగా ఉంటున్నాడు" అన్న మాటే.

[తెరపై: 299 నిమిషాలు – 97 నిమిషాలు]

2019 జాతీయ టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. సెలవుల నిబంధనలూ ఇదే అలవాటును అనుసరిస్తాయి. కేంద్ర ప్రభుత్వోద్యోగి అయిన తల్లికి ప్రసూతి సెలవు 180 రోజులు కాగా, తండ్రికి దక్కేది 15 రోజులు. 730 రోజుల శిశు సంరక్షణ సెలవు మహిళలకూ, ఒంటరి తండ్రులకూ వర్తిస్తుంది గానీ, భార్యతో కలిసి ఉంటున్న తండ్రికి వర్తించదు.

[దృశ్యం: ఫోను తెర, తరగతి తల్లుల వాట్సాప్ గ్రూపు]

నా దృష్టిలో అసలు నష్టం ఇక్కడ జరుగుతోంది. రేపు పసుపు రంగు బట్టలు వేయాలన్న కబురు, జ్వరాలు తిరుగుతున్నాయన్న హెచ్చరిక, పుట్టినరోజు పిలుపు, అన్నీ ఈ గ్రూపులోనే వస్తాయి. అందులో తండ్రి నంబరు లేకపోతే, బడిలో అందరిలోకీ వేరుగా తెల్ల గౌనుతో నిలబడేది పాప.

అయితే తల్లుల సంకోచాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. పరాయి మగవాడితో రోజూ మాట్లాడితే ఇంట్లో పెద్దలు ఏమంటారోనన్న భయం చాలామందికి నిజంగానే ఉంది, ఆ మాట పడేది కూడా వాళ్లే. అందుకే ఈ దూరాన్ని తరచుగా ఒక వరుస తగ్గిస్తుంది. ఎవరో ఒకరు "అన్నయ్యా" అని పిలిస్తే, ఆయన "చెప్పమ్మా" అంటే, మిగతావారికీ మాట కలపడం సులువవుతుంది.

[దృశ్యం: మళ్లీ ఆటస్థలం, అదే బెంచీ]

"అన్నయ్యా, మా వాడు చపాతీ ముట్టడం లేదు. మీ పాపకు డబ్బాలో ఏం పెడుతున్నారు?"