ఐదు గుళ్ళు, ఒక రాత్రి ప్రయాణం, కొన్ని మెట్లు

శ్రోతలకు నమస్కారం.

కార్తీక మాసం దగ్గరపడుతోందంటే చాలు, ఆర్టీసీ బస్టాండుల్లో ఒక ప్రకటన కనబడుతుంది. పంచారామాలకు ప్రత్యేక బస్సులు. ఆదివారం రాత్రి ఎక్కితే సోమవారం తెల్లవారుజామున అమరావతి, అక్కణ్ణించి భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, ఆఖరికి సామర్లకోట. ఒక్క కార్తీక సోమవారంలో ఐదుగురు శివుళ్ళ దర్శనం. సీట్లు ముందే నిండిపోతాయి. బస్సులో సగం మంది అమ్మమ్మలు, నానమ్మలు. ఒళ్ళో పులిహోర డబ్బా, సంచిలో వత్తులు, ఆవునెయ్యి సీసా. ఎక్కడ కాస్త నీళ్ళు కనబడినా అరటిదొప్పలో దీపం వెలిగించి వదలడానికి సిద్ధంగా ఉంటారు.

అలాంటి బస్సులో మా అమ్మతో పాటు నేనూ ఒకసారి వెళ్ళాను. నిజం చెప్పాలంటే ఆ ప్రయాణంలో నాకు గుర్తున్నది క్యూలైను, ముందు నిలబడ్డవాళ్ళ వీపులు, "త్వరగా రండమ్మా, బస్సు కదులుతోంది" అన్న కేకలు. మూడో గుడి దగ్గర చెప్పులు ఎక్కడ విడిచానో మరిచిపోయి, మిగిలిన రెండు గుళ్ళూ వట్టికాళ్ళతోనే తిరిగాను. ఇంటికొచ్చాక అమ్మ "అన్నీ చూశాం కదరా" అంది. చూశామన్న మాటే గానీ, ఏం చూశామో చెప్పమంటే ఇద్దరం తెల్లమొహం వేసేవాళ్ళమే.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, కార్తీకం అయిపోయాక, రద్దీ తగ్గాక, మార్గశిరంలో మళ్ళీ వెళ్ళాం. ఈసారి నింపాదిగా, రెండు విడతలుగా. అప్పుడు తెలిసింది, ఈ గుళ్ళను కింద నిలబడి చూస్తే సగమే కనబడతాయని. మిగతా సగం మేడ మీద ఉంటుంది.

ముందు కథ. తారకాసురుడు తపస్సు చేసి శివుడి దగ్గర ఆత్మలింగం సంపాదించాడు. దాన్ని గొంతులో పెట్టుకున్నాడు. అది ఉన్నంతకాలం వాడికి చావు లేదు. కుమారస్వామి యుద్ధానికి వచ్చి, ఆ గొంతు మీదే గురిపెట్టి లింగాన్ని బద్దలుకొట్టాడు. ఐదు ముక్కలు ఐదు చోట్ల పడ్డాయి. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. పెద్దవాళ్ళు దీనికి ఇంకో మాట కలుపుతారు. ఆ ముక్కలు ఊరికే పడి ఉండలేదట, మళ్ళీ ఒకటిగా అతుక్కోవాలని చూశాయట. అందుకని దేవతలు ఎక్కడ పడ్డదాన్ని అక్కడే హడావిడిగా ప్రతిష్ఠించేశారు. అమరావతిలో ఇంద్రుడు, ద్రాక్షారామంలో సూర్యుడు, భీమవరం గునుపూడిలో చంద్రుడు, పాలకొల్లులో విష్ణుమూర్తి, సామర్లకోటలో కుమారస్వామే స్వయంగా.

అతుక్కోవడం కుదరకపోయేసరికి కొన్ని పెరగడం మొదలుపెట్టాయంటారు. అమరావతిలో ఆ కథ ఇప్పటికీ చెబుతారు. అమరేశ్వరుడు రోజురోజుకీ పెరిగిపోతుంటే ఆపడానికి నెత్తిన ఒక మేకు కొట్టారట. రక్తం కారిందట. లింగం మీద ఎర్రటి చార ఉంటుంది, అదే గుర్తు అంటారు. నమ్మినా నమ్మకపోయినా, ఆ లింగం ముందు నిలబడితే కథ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. తెల్లటి రాతి స్తంభంలా పైకి వెళ్ళిపోతుంది. అర్చకులు అభిషేకం చేయాలంటే ఎత్తయిన వేదిక ఎక్కాలి. మనం తల పైకెత్తి చూడాల్సిందే.

అమరావతి గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి ఇక్కడికి మార్చి, ఈ గుడిని బాగుచేయించాడు. ఊరు కడుతున్న ఆ రోజుల్లోనే పక్కనున్న దీపాలదిన్నె తవ్వితే బౌద్ధ స్తూపం బయటపడింది. కృష్ణ ఒడ్డున గుడి, కొద్ది దూరంలో స్తూపం. 'ఆరామం' అనే మాట బౌద్ధులదీ కదా, భిక్షువులు ఉండే చోటునీ అలాగే అంటారు కదా అని చరిత్రకారులు కొందరు ఆలోచనలో పడింది ఇందుకే. ఆ చర్చ పెద్దది, దానికి ఇవాళ్టి సమయం చాలదు.

భీమవరం వెళదాం. ఇక్కడో చిక్కుంది. సామర్లకోట గుడి ఉన్న చోటునీ భీమవరమనే అంటారు, చాళుక్య భీమవరం. ఇది పశ్చిమ గోదావరి భీమవరం, అందులో గునుపూడి. పేరు విని కంగారుపడి ఒక భీమవరం బదులు ఇంకో భీమవరం చేరినవాళ్ళు ఉండే ఉంటారు.

గునుపూడి సోమేశ్వరుణ్ణి చంద్రుడు ప్రతిష్ఠించాడు కాబట్టి లింగం రంగు కూడా చంద్రుణ్ణి బట్టే మారుతుందంటారు. పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి నల్లబడుతూ. మేం వెళ్ళింది మధ్యలో ఏదో తిథి. బూడిద రంగులో ఉన్నట్టు నాకనిపించింది, తెల్లగానే ఉందని అమ్మ పట్టుబట్టింది. నేను వాదించలేదు. ఈ గుడిలో నాకు నచ్చింది రంగు కాదు, మెట్లు. పక్కనుంచి మెట్లెక్కి పైకి వెళితే, సరిగ్గా సోమేశ్వరుడి మీద అంతస్తులో అన్నపూర్ణాదేవి కొలువై ఉంటుంది. శివుడి నెత్తిన గంగ ఉంటుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. నెత్తిన అన్నపూర్ణ ఉండే గుడి ఇదే. బస్సులో వచ్చినవాళ్ళు చాలామంది కిందే దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతారు. మొదటిసారి మేమూ అంతే.

అక్కణ్ణించి పాలకొల్లు దగ్గరే, 20 కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడ లింగం పొడుగు కాదు, గోపురం పొడుగు. తొమ్మిది అంతస్తులు. ఊళ్ళోకి రాకముందే, కొబ్బరిచెట్ల మీదుగా కనబడుతుంది. ఉపమన్యుడనే పిల్లవాడు పాల కోసం శివుణ్ణి తలుచుకుని ఏడిస్తే, స్వామి త్రిశూలంతో నేలను గుచ్చాడట, పాలు ఉబికి కొలను నిండిందట. పాల కొలను కాస్తా పాలకొల్లు అయిందంటారు. పిల్లవాడి ఆకలి పేరు మీద ఊరు వెలియడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

పాలకొల్లు దాటాక గోదావరి పాయలు అడ్డొస్తాయి. వశిష్ఠ, తర్వాత గౌతమి. ఇప్పుడు వంతెనల మీద బస్సు దూసుకుపోతుంది గనుక మనకు తెలియడం లేదు. వంతెనలు లేని కాలంలో ఈ పాయల్ని పంటు మీదో పడవ మీదో దాటాలి. పంటు రావాలి, జనం నిండాలి, అవతలి ఒడ్డున బండి దొరకాలి. అమరావతిలో తెల్లవారుజామున దణ్ణం పెట్టి అదే సాయంత్రానికి సామర్లకోట చేరడం మన ముత్తాతల ఊహకు కూడా అందని పని. ఒక్కరోజులో ఐదూ అన్నది వంతెనలూ బస్సులూ వచ్చాక అమరిన సౌకర్యం. మంచి సౌకర్యమే, కాదనను. ఒంట్లో ఓపిక లేనివాళ్ళకు, సెలవు దొరకనివాళ్ళకు అదే గతి. కాకపోతే అదేదో శాస్త్రంలో రాసిన నియమం అయినట్టు, ఒక గుడి తప్పిపోతే ఫలం పోయినట్టు టెన్షన్ పడి, పెద్దవాళ్ళను లాక్కుంటూ పరిగెత్తేవాళ్ళను చూస్తే జాలేస్తుంది.

ద్రాక్షారామంలో కాస్త ఆగుదాం. మేమూ అక్కడ ఒక పూటంతా ఉన్నాం.

దక్షుడు యజ్ఞం చేసిన చోటు ఇదేనంటారు. మాణిక్యాంబ అమ్మవారు అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకరు. శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం, ఈ మూడు లింగాల నడుమ ఉన్నది త్రిలింగ దేశం, అందులోంచే తెలుగు అన్న మాట పుట్టిందని చెప్పుకుంటాం. శ్రీనాథుడు ఈ భీమేశ్వరుడి మీద ఏకంగా ఒక పురాణమే రాశాడు, భీమేశ్వర పురాణం, భీమఖండం అని కూడా అంటారు. వ్యాసుడు కాశీలో భిక్ష దొరక్క, ఆకలితో కోపం ఆపుకోలేక ఆ ఊరినే శపించబోవడం, అన్నపూర్ణ పిలిచి అన్నం పెట్టడం, శివుడు మాత్రం క్షమించక కాశీ విడిచి పొమ్మనడం, వ్యాసుడు ఏడుస్తూ ఈ దారి పట్టడం, అంతా అందులో ఉంది. కాశీ పోయినా ద్రాక్షారామం దొరికింది కదా అని వ్యాసుడికి చెప్పిన ఓదార్పు, మన గోదావరి వాళ్ళకు చెప్పుకోవడానికి గొప్పగానే ఉంటుంది.

నన్ను పట్టుకున్నది మాత్రం గోడలూ స్తంభాలూ. వాటి మీద వందల కొద్దీ శాసనాలు. తూర్పు చాళుక్యుల తర్వాత వచ్చినవాళ్ళు, వెలనాటి చోడులు, కాకతీయుల కాలం వాళ్ళు, రెడ్డిరాజులు, ఒకరి తర్వాత ఒకరు చెక్కించుకుంటూ పోయారు. ఒక స్తంభం పక్కన కూర్చుని చూశాను. అక్షరాలు గుండ్రంగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. చాలా భాగం నాకు అంతుపట్టలేదు. అలాంటి శాసనాల్లో పదేపదే వచ్చేది రాజుల గొప్పలు కాదు, దీపాలు. అఖండవర్తి దీపం. ఎవరో ఒకరు తమ పుణ్యం కోసమో, పోయినవాళ్ళ కోసమో గుడిలో ఆరిపోని దీపం పెట్టించాలనుకుంటారు. నెయ్యి కావాలి. ఒకనాటితో అయిపోయేది కాదు, సూర్యచంద్రులు ఉన్నంతకాలం కావాలి. అప్పుడేం చేసేవాళ్ళంటే పశువుల మందను గుడికి దానమిచ్చేవాళ్ళు. ఆ మందను ఒక కాపరికి అప్పగించేవాళ్ళు. పాడి అతనిది, పెంపకం అతనిది. బదులుగా అతను రోజూ మానెడు నెయ్యి గుడికి తెచ్చి పోయాలి, మానెడంటే పాతకాలపు కొలత. అతని తర్వాత కొడుకులు, వాళ్ళ తర్వాత మనవలు. 'నిత్య మానెడు నేయి' అని శాసనాల్లో ఉంటుంది.

ఆ మాట తెలిశాక గుడి వేరేగా కనబడింది. ఎండనకా వాననకా ఎవరో ఒకాయన చేతిలో నెయ్యి పాత్రతో గోదావరి పొలాల గట్ల మీద నడిచి వస్తున్నట్టు అనిపించింది. దీపం పెట్టించినవాళ్ళ పేరు రాతిలో ఉంది. రోజూ నెయ్యి మోసినవాళ్ళ కాళ్ళు రాతిలో లేవు. అమ్మకు చెబితే, తన సంచిలోంచి నెయ్యి సీసా తీసి ఒకసారి చూసుకుని, మళ్ళీ సంచిలో పెట్టుకుంది. ఏమీ అనలేదు.

పక్కనే సప్తగోదావరి అనే కోనేరు. అక్కడ దీపం వదిలాం. కార్తీకం కాదుగా అని అమ్మ కాసేపు తటపటాయించింది. దీపానికి నెలేమిటని చివరికి తనే సర్దిచెప్పుకుంది.

ఇక సామర్లకోట. తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీముడు 892 నుంచి 922 దాకా ఏలాడు. ఈ గుడి ఆయన కట్టించిందని చెబుతారు. ద్రాక్షారామాన్నీ దీన్నీ వెంటవెంటనే చూసినవాళ్ళకు, ఇవి ఒకే చేతి పని అని వేరే చెప్పక్కర్లేదు. అదే ఇసుకరాయి, అదే రెండంతస్తుల కట్టడం, చుట్టూ అలాంటి ప్రాకారమే. కానీ ద్రాక్షారామంలో ఎప్పుడూ జనం, ఇక్కడ మామూలు రోజుల్లో పావురాల చప్పుడు వినబడుతుంది. గర్భగుడికి ఎదురుగా ఒకే రాతిలో చెక్కిన నంది. ఆ నంది చెవి దగ్గర ఒక పాప రహస్యం చెబుతుంటే వాళ్ళ నాన్న ఎత్తుకుని పట్టుకున్నాడు. పాప చెప్పడం పూర్తయ్యేదాకా మేం పక్కన ఆగాం. చాలా పొడుగు రహస్యం.

ఇక్కడి కుమార భీమేశ్వరుడు పద్నాలుగు అడుగుల లింగం. అంత ఎత్తు రాయికి గుడి ఎలా కట్టాలి? గుడినంతా ఎత్తు పెంచెయ్యొచ్చు. వాళ్ళు అలా చేయలేదు. మధ్యలో ఒక అంతస్తు వేసి, దాని గుండా లింగాన్ని పైకి రానిచ్చారు. కింది గదిలో స్వామి పాదభాగం. పై గదిలో శిరస్సు. కింద పాదాలకు మొక్కి, మెట్లెక్కి పైకి వెళితే మన నడుముకు కాస్త అటూఇటూగా స్వామి శిరస్సు ఉంటుంది. అభిషేకం పైన జరుగుతుంది. అమరావతిలో తల ఎత్తి చూసిన మనిషికి ఇక్కడ తల వంచి చూడడం వింతగా ఉంటుంది. మొదటిసారి వచ్చినప్పుడు ఈ మెట్లు ఎక్కలేదు మేము. బస్సు హారన్ కొట్టేసింది.

రెండోసారి అమ్మకు మోకాళ్ళ నొప్పులు. మెట్లు కాస్త నిటారుగా ఉన్నాయి, ఇరుకు కూడా. "నేనెక్కలేన్రా, నువ్వెళ్ళి నా పేరు కూడా చెప్పు" అని కిందే, లింగం అడుగు కనబడేచోట గోడకు ఆనుకుని కూర్చుంది. పైన నేనూ, ఇంకో నలుగురూ. పూజారి గోత్రం అడిగితే అమ్మ పేరు ముందు చెప్పాను. ఆయన మంత్రం చదువుతూ చెంబుతో నీళ్ళు, తర్వాత పాలు పోశారు. తెల్లటి రాతి మీద పాలు పోస్తే మొదట కనబడవు, కిందకు జారేటప్పుడు ఒక మెరుపులా కనబడతాయి. ఆ మెరుపు లింగం చుట్టూ ఉన్న సందులోంచి కిందికి వెళ్ళిపోయింది.

హారతి కళ్ళకద్దుకుని, జాగ్రత్తగా ఒక్కో మెట్టూ చూసుకుంటూ కిందకు దిగాను. అమ్మ లేచి నిలబడి ఉంది, పాదాల వైపే చూస్తోంది.

"ఇప్పుడే పోశారు కదూ," అంది నన్ను చూసి. "ఇదిగో, ఇక్కడిదాకా వచ్చాయి."