గట్టు మీది తుమ్మి: కూరకు, పూజకు, మందుకు

[దృశ్యం: వానాకాలం, పొలం గట్టు. గడ్డి మధ్య చిన్న తెల్ల పూలు]

వానలు మొదలయ్యాక గట్ల మీద, బీళ్లలో, పశువులు మేసే పచ్చికలో గడ్డితో పాటే తుమ్మి లేస్తుంది. చాలాచోట్ల మోకాలి ఎత్తు కూడా దాటదు. ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్లు పెట్టరు. అయినా మన వంటింటికి, గుడికి, ఇంటి వైద్యానికి తరతరాలుగా పనికొస్తున్న మొక్క ఇది. గట్టు మీద కలుపు మందు కొట్టే ముందు దీన్ని ఒకసారి గుర్తుపట్టండి అని అడగడానికే ఈ వీడియో.

[దగ్గరి షాట్: కాండం, ఆకులు]

కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూడండి, నాలుగు పలకలుగా తగులుతుంది. తులసి, పుదీనా కుటుంబమే ఇది. ఆకులు సన్నగా పొడుగ్గా, ఎదురెదురుగా వస్తాయి, ముట్టుకుంటే గరుకు. కణుపుల దగ్గర కాండం చుట్టూ గుండ్రటి గుత్తులు, వాటిలోంచి తెల్ల పూలు.

[దగ్గరి షాట్: పువ్వు మీద తేనెటీగ]

పువ్వును కాస్త తీరిగ్గా చూడండి, ఎంత బాగుంటుందో! దానికి రెండు పెదవులు. పైది చిన్నది, తెల్లటి నూగుతో లోపలికి వంగి ఉంటుంది. కిందిది వెడల్పుగా పరుచుకుంటుంది, తేనెటీగ వాలేది అక్కడే. తేనె పువ్వు అడుగున ఉంటుంది. ఈగ తల లోపలికి పెట్టగానే, పై పెదవి కింద దాగిన కేసరాలు దాని ఒంటికి పుప్పొడి అంటిస్తాయి. ఆ పుప్పొడితోనే అది పక్క పువ్వు మీదికి వెళ్తుంది. సీతాకోకచిలుకలూ ఈ తేనె కోసం వస్తాయి. గట్టంతా మందు కొట్టేస్తే వాటికి ఈ మేత పోతుంది.

[దృశ్యం: చేటలో లేత ఆకులు, పొయ్యి మీద పప్పు]

ఇక వంట. తెలంగాణలో వినాయక చవితి రోజు తుమ్మికూర తినడం ఆనవాయితీ. భాద్రపదం నాటికి గట్ల మీద లేత ఆకు బాగా దొరుకుతుంది కాబట్టి, పండగ కూరగా ఇది నిలబడడంలో వింతేమీ లేదు. ఆకు కొంచెం చేదు. పప్పులో వేసి, చింతపండు పులుపు తగిలిస్తే ఆ చేదు రుచిగా మారుతుంది. నా మటుకు తుమ్మి అసలు గొప్పతనం ఇక్కడే ఉంది.

పూజ సంగతి అందరికీ తెలిసిందే, తుమ్మి పూలు శివుడికి ప్రీతి అంటారు. కేరళలో ఓణం పూల ముగ్గులోనూ ఈ తెల్ల పువ్వుకు ప్రత్యేక స్థానం ఉంది, అక్కడ తుంబ అంటారు.

[దృశ్యం: మరిగే నీళ్లలో ఆకులు]

మందుగా కూడా వాడకం పాతదే. జలుబు చేస్తే ఆకు మరిగించి ఆవిరి పడతారు. గజ్జి, దురదలకు ఆకు రసం పూస్తారు. దోమలకు ఎండు మొక్కతో పొగ వేస్తారు. ఆకు సారాల మీద ప్రయోగశాలల్లో పరీక్షలు జరిగాయి. సూక్ష్మజీవుల మీద, వాపుల మీద కొంత ప్రభావం కనిపించింది. కానీ పరీక్ష గొట్టంలో పనిచేసింది మనిషిలోనూ పనిచేస్తుందని అనుకోకూడదు.

ముఖ్యంగా ఒక మాట. పాము కాటుకు తుమ్మి రసం విరుగుడు అని ఇప్పటికీ చెప్పుకుంటారు. దయచేసి నమ్మకండి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. పాము విషానికి మందు ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షనే. ఆకు నూరుతూ కూర్చునే ప్రతి నిమిషం ప్రాణం మీదికి తెస్తుంది. కరిచిన కాలో చెయ్యో కదపకుండా, గట్టిగా తాడు బిగించకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

[దృశ్యం: ఎండిన గుత్తులు, అరచేతిలో గింజలు]

కూరకు కోసేటప్పుడు మందు కొట్టిన చేను, రోడ్డు పక్క మొక్కలు వద్దు. మొక్కను వేళ్లతో సహా పీకకుండా చిగుళ్లు మాత్రం గిల్లండి, మళ్లీ పక్క కొమ్మలు వేస్తుంది. ఒక్క కాపుతో ఎండిపోయే మొక్క కాబట్టి కొన్నిటిని పూతకు వదిలేయండి. గుత్తులు ఎండాక అరచేతిలో నలిపితే గింజలు రాలతాయి. వాటిని దాచి, తొలకరికి గట్టు మీదో కుండీలోనో చల్లుకోవచ్చు.