జైలు కెమెరాకు అందని బొమ్మలు

శ్రోతలకు నమస్కారం.

కంబోడియా రాజధాని నాంపెన్‌లో తువోల్ స్లెంగ్ అనే మ్యూజియం ఉంది. ఒకప్పుడది హైస్కూలు. 1975లో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం అధికారంలోకి వచ్చాక ఆ భవనాలను ఎస్-21 అనే రహస్య జైలుగా మార్చారు. ఖైదీలకు ఫొటోలు తీశారు, కొట్టి వాంగ్మూలాలు రాయించారు, ఫైళ్లు కట్టారు. పన్నెండు వేల మందికి పైగా లోపలికి వెళితే, ప్రాణాలతో మిగిలినవాళ్లు అతి కొద్దిమంది.

రికార్డులు అంత పక్కాగా ఉన్నా, చిత్రహింసల గదుల్లో ఏం జరిగేదో మాత్రం ఆ ఫొటోల్లో కనిపించదు. అది మనకు చూపించింది ఆ జైలు నుంచి బతికి బయటపడ్డ చిత్రకారుడు వాన్ నాథ్ బొమ్మలు.

నాథ్ బట్టంబాంగ్‌లో సైన్‌బోర్డులు, సినిమా పోస్టర్లు వేసి బతికేవారు. 1978 జనవరిలో ఆయన్ని ఎస్-21కి తెచ్చారు. తప్పేమిటో చెప్పలేదు. పెద్ద గదిలో ఖైదీలను నేలమీద వరసగా పడుకోబెట్టి కాళ్లకు ఇనుప కడ్డీలు బిగించేవారు. శవం పక్కనే కూర్చుని గంజి తాగామని, ఆకలికి పురుగులు కూడా తిన్నామని ఆయన తర్వాత కోర్టులో చెప్పారు. దాదాపు నెల తర్వాత జైలు అధికారి డుచ్ పిలిపించి, ఒక నలుపు తెలుపు ఫొటో ఇచ్చి బొమ్మ వేయమన్నాడు. అది ఖ్మేర్ రూజ్ అధినేత పోల్ పాట్ ఫొటో. ఆ మనిషి ఎవరో నాథ్‌కి తెలియదు! చంపాల్సినవాళ్ల జాబితాలో ఆయన పేరు దగ్గర ‘వాడుకోవడానికి ఉంచండి’ అని డుచ్ రాసిన కాగితం తర్వాత బయటపడింది.

1979 జనవరిలో వియత్నాం సైన్యం వచ్చి ఖ్మేర్ రూజ్‌ను గద్దె దించడంతో నాథ్ బతికిపోయారు. మరుసటి ఏడాది అదే భవనానికి తిరిగొచ్చి, అక్కడే కుంచె పట్టారు. ఎలా పట్టగలిగారో నాకైతే ఊహకందదు. కళ్లకు గంతలు కట్టిన ఖైదీల వరస, సంకెళ్ల గది ఆయన అనుభవించినవే. తల్లుల నుంచి పసిపిల్లలను లాక్కోవడం లాంటి కొన్ని దృశ్యాలు మాత్రం కళ్లతో చూసినవి కావు. గోడల అవతల విన్న కేకల నుంచి, తోటి ఖైదీలు చెప్పిన మాటల నుంచి వేశారు.

చూడనిది సాక్ష్యమెలా అవుతుందని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కంబోడియా దర్శకుడు రితీ పాన్ తీసిన డాక్యుమెంటరీలో నాథ్ ఆ జైలు పాత కాపలాదారులనే తన బొమ్మ ముందుకు పిలిచి మాట్లాడించారు. అంతకు మించిన పరీక్ష ఏముంటుంది?

2009లో ఆయన డుచ్ ఎదుటే కోర్టులో సాక్ష్యం చెప్పారు. 2011 సెప్టెంబరులో కన్నుమూశారు. డుచ్‌కి యావజ్జీవ శిక్ష ఖరారైంది 2012లో.

అంగ్‌కోర్ వాట్ చూడడానికి మనవాళ్లు చాలామంది వెళ్తున్నారు. నాంపెన్‌లో ఒక పూట ఆగితే ఈ బొమ్మలు చూడొచ్చు. చిన్నపిల్లలు వెంట ఉంటే మాత్రం ముందే ఆలోచించుకుని వెళ్లండి.