మచ్చలేని రెండు బల్లులు

శ్రోతలకు నమస్కారం.

బల్లి అనగానే మనకు గోడ గుర్తుకు వస్తుంది. ఈ పూట నేను చెప్పబోయేది గోడ ఎక్కలేని బల్లిని గురించి. దాని వేళ్లకు అంటుకునే మెత్తలు ఉండవు. మన ఇంటి బల్లికి లేని కనురెప్పలు మాత్రం ఉంటాయి. అఫ్గానిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతదేశపు రాతినేలల్లో తిరిగే ఈ లెపర్డ్ గెకోను అమెరికాలో ఎందరో గాజుపెట్టెల్లో పెంచుకుంటున్నారు. ఏరి జతకట్టించగా వచ్చిన రంగుల రకాలను వారు మార్ఫ్‌లంటారు. ఆ పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయం చాలదు కనుక ఒక్క చిక్కునే వివరిస్తాను.

డల్లాస్‌లో ఉండే మా అన్నయ్య కుమారుడి దగ్గర ఒంటిమీద ఒక్క మచ్చయినా లేని రెండు గెకోలు ఉన్నాయి. రెండూ లేత పసుపే, రెండూ నున్ననివే. ఒకే రకమనుకొని జతకట్టించాడు. ఆడది రెండు గుడ్లు పెట్టింది. సుమారు రెండు నెలలకు బయటికి వచ్చిన పిల్లలు రెండింటికీ పసుపు ఒంటిమీద నల్లని పట్టీలు! ఆడ గెకో వీర్యాన్ని చాలాకాలం దాచుకోగలదు కనుక, వేరే మగదానితో కలిసిందేమోనని అతడు మొదట అనుమానించాడు. కానీ అది పిల్లగా ఉన్నప్పుడే అతడి ఇంటికి వచ్చింది.

అసలు సంగతి ఏమిటంటే, అందులో ఒకటి మర్ఫీ ప్యాటర్న్‌లెస్, రెండవది బ్లిజార్డ్. రెండూ అంతర్గత లక్షణాలే అయినా వాటి జన్యువులు వేరు. ఒక్కొక్కదానికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులు అందితేనే ఆ లక్షణం బయటపడుతుంది. ఈ పిల్లలకు దేనికదిగా ఒక్కొక్క ప్రతే అందింది కనుక పట్టీలు తిరిగి వచ్చాయి. నాకైతే ఆ పట్టీల పిల్లలే అందంగా కనిపించాయి. మా వాడు ఒప్పుకోలేదు.

మరి పెద్దవాటిని చూసి పోల్చడం ఎలా? చాలాసార్లు సాధ్యం కాదు. పుట్టిన రోజున మాత్రం తేడా స్పష్టంగా ఉంటుంది. బ్లిజార్డ్ పిల్ల మచ్చ లేకుండానే పుడుతుంది. ప్యాటర్న్‌లెస్ పిల్ల ముదురు మచ్చలతో పుట్టి, నెలలు గడిచేకొద్దీ వాటిని పోగొట్టుకుంటుంది. మామూలు గెకోకు కూడా పుట్టినప్పుడు ఉన్న పట్టీలు పెరిగేకొద్దీ చెదిరి చుక్కలవుతాయి. చిరుత పేరు దానికి అందువల్లనే వచ్చింది.

కాబట్టి కొనేవారు అమ్మకందారును అడగవలసింది పుట్టిన రోజు ఫొటో. పెంచేవారు తీసిపెట్టుకోవలసింది పుట్టిన రోజు ఫొటో. దీపాల కింద రంగు మారి కనిపిస్తుంది కనుక పగటి వెలుతురులో, తేదీ వేసి తీయాలి. మా వాడు ఇప్పుడు ఆ రెండు పిల్లల పెట్టెల మీద ఫొటోలు అతికించి, కింద తల్లిదండ్రుల రకాలు రెండూ రాసి ఉంచాడు.