చుట్టూ తిరగాల్సిన గుడి, ఎదురుగా నిలబెట్టే గుడి

నమస్తే అండి. స్క్రీన్ మీద రెండు గుళ్ల ఫొటోలు పెట్టాను. ఎడమ పక్కది ఏథెన్స్‌లో గ్రీకులు కట్టిన పార్థెనాన్. కుడి పక్కది ఫ్రాన్స్‌లోని నీమ్ ఊళ్లో రోమన్లు కట్టిన మెజాన్ కారే. రెండింటికీ స్తంభాలు, రెండింటికీ నెత్తిన త్రికోణం. ఫొటోలో అన్నదమ్ముల్లా ఉన్నాయి కదా? అక్కడికి నడిచి వెళ్తే మాత్రం తేడా కళ్లకన్నా ముందు కాళ్లకే తెలుస్తుంది.

ముందు పార్థెనాన్. క్రీ.పూ. 447లో మొదలుపెట్టారు, 438కల్లా కట్టడం అయిపోయింది. శిల్పాల పని ఇంకో ఆరేళ్లు సాగింది. కొండెక్కి పెద్ద ద్వారం దాటగానే మీకు కనిపించేది గుడి ముఖం కాదండోయ్, వెనక మూల! కొండ ద్వారం పడమర, గుడి వాకిలి తూర్పు. వాకిలి చూడాలంటే గుడి పొడుగునా నడవాల్సిందే, సగం ప్రదక్షిణ అన్నమాట. గోడ పైభాగాన దాదాపు 160 మీటర్ల పొడవున చెక్కిన ఊరేగింపు కూడా అటే సాగేది. గుర్రాలు, రథాలు, బలికి తోలుకెళ్లే పశువులు, కుండలు మోసేవాళ్లు, అందరూ రెండు పక్కలనుంచీ తూర్పు వైపుకే.

ఇప్పుడు కాస్త వంగి చూద్దాం. స్తంభాలు నిలబడ్డ పై మెట్టు పొడవు 69.5 మీటర్లు. ఒక కొసన కన్ను రాయికి ఆనించి చూశారనుకోండి, అవతలి కొస కనిపించదు. ఎందుకంటే మెట్టు మధ్యలో సుమారు 11 సెంటీమీటర్లు ఉబ్బి ఉంటుంది. స్తంభాలు కూడా నిటారుగా ఉండవు, అన్నీ కొద్దిగా లోపలికి వాలతాయి. వాన నీళ్లు జారడానికని కొందరు, కంటికి తిన్నగా కనపడాలని కొందరు అంటారు. కారణం ఏదైనా, ఆ చలువరాళ్లను చెక్కినవాళ్ల టెన్షన్ ఊహించుకోండి! ఒకచోటికి చెక్కిన రాయిని తీసుకెళ్లి ఇంకోచోట పెడతానంటే కుదరదు.

ఇక నీమ్‌కి వద్దాం. ఇక్కడ గుడి సుమారు 2.8 మీటర్ల ఎత్తు అరుగు మీద ఉంటుంది. పక్కనుంచి ఎక్కుదామంటే దారి లేదు, వెనకనుంచి అసలే లేదు. మెట్లు ముందు మాత్రమే, 15. బేసి సంఖ్య ఊరికే పెట్టలేదు. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాసిపెట్టాడు: మెట్లు బేసిగా ఉంటే, కుడికాలితో మొదలుపెట్టినవాడు పైన కూడా కుడికాలే మోపుతాడని. కొత్తకోడల్ని కుడికాలు పెట్టి లోపలికి రమ్మనే మనకి ఇది వేరే చెప్పాలా!

ఇక స్తంభాలు. మొత్తం 30. అందులో విడిగా నిలబడ్డవి వసారాలోని 10 మాత్రమే. మిగతా 20 గోడలో సగం కూరుకుపోయి ఉంటాయి, బరువంతా గోడే మోస్తుంది. చుట్టూ స్తంభాలున్నట్టు చూపించడమే వాటి పని. నాకైతే ఇది కొంచెం దొంగ పనే అనిపిస్తుంది, కానీ తెలివైన దొంగతనం. స్తంభాల వరసకీ గోడకీ మధ్య ఖాళీ వదలక్కర్లేదు కాబట్టి లోపలి గది వెడల్పవుతుంది. ఎత్తు అరుగు, ముందు మెట్లు, లోతైన వసారా, ఇవన్నీ రోమన్లకి, వాళ్లకన్నా ముందే ఇటలీలో పేరుపొందిన ఎట్రుస్కన్లనే జాతి దగ్గరనుంచి వచ్చినవి. ఒళ్లు ఎట్రుస్కన్లది, ఒంటిమీది నగలు గ్రీకులవి.

ఈ గుడి ముందు స్తంభాల పైన ఒకప్పుడు కంచు అక్షరాలుండేవి. ఎవరో పీక్కుపోయారు, మేకుల రంధ్రాలు మిగిలాయి. 1758లో సెగియే అనే పండితుడు ఆ రంధ్రాల వరసను బట్టే రాత చదివాడు. రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్ దత్తత తీసుకున్న మనవళ్లు గైయస్, లూసియస్‌ల పేర్లు బయటపడ్డాయి.

మరి రోమ్‌లో రోమన్లే కట్టిన పాంథియాన్ గుడి సంగతేంటని కామెంట్లలో అడుగుతారని తెలుసు. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 125 ప్రాంతంలో పూర్తయింది. ముందు వసారా మామూలు గుడిలాగే ఉంటుంది. తలుపు దాటితే 43.3 మీటర్ల వెడల్పు గుమ్మటం, నేలనుంచి ఎత్తూ అంతే. సున్నం, అగ్నిపర్వత బూడిద కలిపిన కాంక్రీటు అది. కింద బరువైన రాళ్లు, పైకి వెళ్లేకొద్దీ తేలికవి, కొసన నీళ్లలో తేలే ప్యూమిస్ రాయి. నడినెత్తిన మాత్రం ఏమీ లేదు, పెద్ద గుండ్రటి రంధ్రం. వాన పడితే నేరుగా లోపలికే. ఇక్కడా నేల మధ్యలో కొంచెం ఉబ్బి ఉంటుంది, నీళ్లు పక్కలకి జారి చలువరాతిలో తొలిచిన చిన్న చిన్న కన్నాల్లోంచి కిందికి పోతాయి.