పసిగుడ్డు పేగు జబ్బుకి ఎవరు జవాబుదారీ? విశాఖ స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల పేగు కుళ్లిపోయే జబ్బు, ఎన్‌ఈసీ. ‘గర్భంలోనే జీన్స్ స్విచ్‌లు సరిచేస్తాం, ఆ జబ్బు రానివ్వం’ అంటూ ఊళ్లో ఓ ప్యాకేజీ ప్రకటన వాట్సాప్‌లో తిరుగుతోంది. డాక్టర్ గారూ, నిజమేనా?

డాక్టర్: అబద్ధమండీ. జీన్స్ స్విచ్‌ల సంగతి చూసే శాస్త్రం ఎపిజెనెటిక్స్. అందులో డీఎన్‌ఏ మారదు. దాని మీద పడే మిథైల్ అనే రసాయన గుర్తులు, ఏ జీన్ పనిచేయాలో ఏది ఊరుకోవాలో చెబుతాయి. ఎన్‌ఈసీకి ఆపరేషన్ చేసి తీసిన పేగు ముక్కల్లో ఈ గుర్తులు ఎక్కువగా కనబడ్డాయి. కానీ...

లాయర్: కానీ ఏంటి సార్! పౌడర్ పాల సంగతి చెప్పండి. 2024 జులైలో అమెరికాలోని సెయింట్ లూయిస్ జ్యూరీ ఎన్‌ఈసీ కేసులో ఓ పౌడర్ పాల కంపెనీని 495 మిలియన్ డాలర్లు కట్టమంది!

యాంకర్: ఆగండి, ఆగండి. మన పోర్టు బొగ్గు దుమ్ము జ్ఞానాపురం దాకా పడుతోంది. అది గర్భిణుల జీన్స్ మీద గుర్తులు వేస్తోందా?

పరిశోధకురాలు: గాలి కాలుష్యానికీ నెలలు నిండని కాన్పులకీ సంబంధం ఉంది. తల్లి పొగ తాగితే బిడ్డ బొడ్డుతాడు రక్తంలో మిథైల్ గుర్తులు మారతాయి. అయితే దాన్నుంచి ఎన్‌ఈసీకి దారి...

యాంకర్: చూశారా, పొగ!

పరిశోధకురాలు: నేనలా అనలేదు. నెలలు నిండని బిడ్డ పచ్చి పేగులో, బాక్టీరియాని పసిగట్టే టీఎల్ఆర్4 అనే గ్రాహకం మరీ చురుగ్గా ఉంటుంది. బాక్టీరియా తగిలితే వాపు, రక్తప్రసరణ తగ్గడం. తల్లిపాలు దాన్ని కొంత అణచివేస్తాయి. ఆ మిథైల్ గుర్తులు జబ్బుకి కారణమా, జబ్బు వదిలిన మచ్చలా...

లాయర్: కారణం డబ్బా పాలు! 1992లోనే మన దేశంలో వాటి ప్రచారాన్ని అడ్డుకునే చట్టం వచ్చింది. ఊరికే వచ్చిందా? నేను మళ్లీ చెప్తున్నా, 495 మిలియన్ డాలర్లు!

డాక్టర్: లాయర్ గారూ, 2024 అక్టోబరులోనే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు ఎఫ్‌డీఏ, సీడీసీ, ఎన్‌ఐహెచ్ కలిసి ఏం చెప్పాయి? ఫార్ములా, అంటే డబ్బా పాల వల్లే ఎన్‌ఈసీ వస్తుందనడానికి తేల్చి చెప్పే ఆధారం లేదని. తల్లిపాలు అందకపోవడమే...

లాయర్: రెండూ ఒకటే కదా!

డాక్టర్: ఒకటి కాదు. పాలు పడని తల్లికి, దాత పాలు దొరకని చోట, ఏం పట్టమంటారు?

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు, ఓ అర నిమిషం ఏదీ వినబడలేదు.)

డాక్టర్: ...మా వార్డులో నర్సు గొట్టంతో పాలు పట్టేముందు సిరంజితో లాగి చూస్తుంది, ఆకుపచ్చగా వచ్చిందా అని. టేపుతో పొట్ట చుట్టుకొలత తీస్తుంది. మలంలో రక్తం కనబడితే ఎక్స్‌రే. పేగు గోడలో గాలి బుడగలుంటే పాలు ఆపేస్తాం. ఈరోజుకి మా చేతిలో ఉన్నది ఇదీ. మలంలో రాలే కణాల డీఎన్‌ఏ గుర్తులు చూసి ముందే పట్టుకోవచ్చా అని పరిశోధన నడుస్తోంది, వార్డుకైతే ఇంకా రాలేదు.

యాంకర్: అంటే గాజువాక తల్లులకి ముందే టెస్ట్ చేసి, కాలుష్యం...

పరిశోధకురాలు: టెస్ట్ లేదన్నారండీ ఇప్పుడే.

లాయర్: కంపెనీలు రానివ్వవు! ఇంకో మాట. పోర్టు అన్నారు కదా, ఆ డబ్బాలు కూడా పోర్టు నుంచే దిగుతాయి!

యాంకర్: గట్టి పాయింట్! మీ రెండో కోణం కూడా చెప్పండి లాయర్ గారూ.

డాక్టర్: నా జవాబు పూర్తి కాలేదు. ఆ ప్రకటన చూసి ‘నువ్వేం తిన్నావో, అందుకే బిడ్డకిలా’ అని కోడల్ని సాధించే ఇళ్లున్నాయి. బరువు పదిహేను వందల గ్రాముల్లోపు ఉన్న బిడ్డకి...

యాంకర్: టైమ్ లేదు డాక్టర్ గారూ. లాయర్ గారూ, ముప్పై సెకన్లు.

లాయర్: ముప్పై చాలవు, మొదటి నుంచి చెప్తాను. 2024 జులైలో...